సేద్యంలో సరళ యంత్రాలు: శ్రమ తగ్గించే సూత్రాలు, పనిముట్ల వాడకం, జాగ్రత్తలు

దుక్కికి ట్రాక్టరు, కోతకు యంత్రం వచ్చినా చిన్న, సన్నకారు రైతు కుటుంబాల్లో సగం పనులు ఇప్పటికీ ఒంటి బలంతోనే నడుస్తున్నాయి. కలుపు తీయడం, బస్తాలు ఎత్తడం, పేడ మోయడం, గట్లు చెక్కడం, రాళ్లు తొలగించడం, బావిలో మోటారు దించడం వంటివన్నీ ఆ కోవలోవే. ఈ పనుల్లో నడుము, మోకాళ్లు, భుజాలు దెబ్బతింటే కూలి డబ్బులతో పాటు మందుల ఖర్చు కూడా మీద పడుతుంది. వంగి చేసే పనుల్లో ఎక్కువ భాగం మహిళలదే కాబట్టి నష్టం కూడా వారికే ఎక్కువ.

ఈ భారం తగ్గించుకోవడానికి ప్రతిసారీ ఇంజను యంత్రమే కొనాల్సిన పనిలేదు. గడ్డపార, గిలక, ఇరుసు, పలక, మేకు, మర అనే ఆరు రకాల సరళ యంత్రాలు మన ఇళ్లలో, పొలాల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటి వెనుక ఉన్న సూత్రం తెలిస్తే ఉన్న పనిముట్టుతోనే తక్కువ శ్రమతో పని అవుతుంది. కొత్త పనిముట్టు కొనేటప్పుడు మనకు పనికొచ్చేదేదో కూడా తెలుస్తుంది.

సరళ యంత్రం అంటే ఏమిటి?

మనం పెట్టే బలాన్ని పెంచే, లేదా దాని దిశను మార్చే, లేదా పని వేగాన్ని పెంచే సాధనమే సరళ యంత్రం. దీనికి కరెంటు, డీజిలు అక్కర్లేదు. అయితే ఏ యంత్రమూ పనిని ఊరికే చేసిపెట్టదు. బలంలో మిగిలినది దూరంలో ఖర్చవుతుంది.

ఉదాహరణకు 60 కిలోల బస్తాను 1 మీటరు ఎత్తున్న అరుగు మీదికి నేరుగా ఎత్తాలంటే 60 కిలోల బరువూ మీద పడుతుంది. అదే బస్తాను చక్రాల ట్రాలీ మీద పెట్టి 3 మీటర్ల పొడవు పలక మీదుగా తోస్తే సుమారు 20 కిలోల బలం చాలు. కాకపోతే 1 మీటరుకు బదులు 3 మీటర్లు తోయాలి. మొత్తం పని అంతే. ఒంటి మీద ఒక్కసారిగా పడే భారం మాత్రం మూడో వంతుకు తగ్గుతుంది. నడుము పట్టేసేది ఆ ఒక్కసారి భారం వల్లే కాబట్టి రైతుకు అసలు లాభం అక్కడే.

ఈ లెక్కలు రాపిడి లేదనుకుని వేసినవి. నిజానికి ప్రతి పనిముట్టులోనూ కొంత బలం రాపిడికి పోతుంది. అందుకే కందెన, గ్రీజు, శుభ్రత ముఖ్యం.

1. లీవరు (తులాదండం)

ఒక ఆధారం మీద తిరిగే గట్టి కడ్డీయే లీవరు. ఇందులో మూడు చోట్లు గుర్తుపెట్టుకోవాలి: బరువు ఉన్న చోటు, ఆధారం ఉన్న చోటు, మనం బలం పెట్టే చోటు. ఆధారం నుంచి మన చేయి ఎంత దూరంగా, బరువు ఎంత దగ్గరగా ఉంటే అంత తేలిక.

గడ్డపారతో రాయి పెకలించడం

5 అడుగుల (150 సెం.మీ.) గడ్డపార మొనను రాయి కిందికి దూర్చి, మొన నుంచి 15 సెం.మీ. దూరంలో గట్టి రాయినో చెక్క దిమ్మనో ఆనించాలి. చేతి వైపు 135 సెం.మీ., రాయి వైపు 15 సెం.మీ. ఉంటాయి. అంటే మన బలం 9 రెట్లు అవుతుంది. 180 కిలోల భారాన్ని 20 కిలోల బలంతో కదిలించవచ్చు. ఆనింపును మొనకు 30 సెం.మీ. దూరంలో పెడితే లాభం 4 రెట్లకు పడిపోతుంది. అదే గడ్డపార, అదే మనిషి, తేడా ఆనింపు పెట్టిన చోటులోనే.

- ఆనింపు కింద మెత్తటి మట్టి ఉంటే అది దిగబడి బలం వృథా అవుతుంది. వెడల్పు పలక వేసి దాని మీద దిమ్మ పెట్టాలి.
- రాయి 5 సెం.మీ. లేవాలంటే చేతి కొన 45 సెం.మీ. దిగాలి. కాబట్టి ఒకేసారి పైకి తేవాలని చూడకుండా, లేచినంత మేర కింద చిన్న రాళ్లు పేర్చుతూ విడతలుగా ఎత్తాలి.
- రాళ్లు పేర్చడానికి చేతులు లోపలికి పెట్టకూడదు. కర్రతో తోయాలి.
- గడ్డపార మీద కూర్చోవడం, నిలబడి ఊగడం చేయకూడదు. మొన జారితే కడ్డీ ఎగిరి ముఖానికి తగులుతుంది.

ఒంటి చక్రం తోపుడు బండి

ఇక్కడ చక్రమే ఆధారం, బరువు మధ్యలో, చేతులు చివర. ఇరుసు నుంచి పిడి వరకు 150 సెం.మీ. ఉన్న బండిలో 80 కిలోల పేడ ఎరువును ఇరుసుకు 50 సెం.మీ. దూరంలో నింపితే చేతులకు పడేది సుమారు 27 కిలోలు. అదే బరువు పిడుల వైపు జరిగి ఇరుసుకు 100 సెం.మీ. దూరంలో ఉంటే 53 కిలోలు పడుతుంది. కాబట్టి ఎరువైనా మట్టైనా ముందు చక్రం వైపు నింపాలి. కొనేటప్పుడు కూడా తొట్టి చక్రానికి దగ్గరగా ఉన్న బండినే ఎంచుకోవాలి. చక్రం పెద్దదైతే గడ్డల మీద, చిన్న కాలువల మీద ఆగకుండా పోతుంది. టైరులో గాలి తక్కువైతే లాభమంతా పోయినట్లే.

పొడవు కర్ర పార

పేడ, ఇసుక, ధాన్యం ఎత్తిపోసే పొడవు కర్ర పారలో వెనుక చేయి ఆధారం, ముందు చేయి బలం, బరువు చివర ఉంటాయి. ఈ రకం లీవరులో బలం పెరగదు, వేగం మాత్రమే పెరుగుతుంది. 5 కిలోల మట్టి వెనుక చేతికి 120 సెం.మీ. దూరంలో ఉండి, రెండు చేతుల మధ్య 60 సెం.మీ. దూరం ఉంటే ముందు చేతికి 10 కిలోల బరువు తగులుతుంది. ముందు చేతిని రేకు వైపు జరిపి 90 సెం.మీ. చేస్తే 7 కిలోల లోపే. రోజంతా పార పట్టేవారికి ఈ తేడా సాయంత్రానికి భుజాల్లో తెలుస్తుంది.

చేతి పంపు

ఊళ్లలో కనిపించే ఇండియా మార్క్-2 బోరింగు పిడి కూడా లీవరే. బలం 8 రెట్లు అయ్యేలా దాన్ని తయారుచేశారు. పిడి మధ్యలో పట్టుకుని కొడితే ఆ లాభంలో సగం పోతుంది. చివర పట్టుకుని నిండుగా, నిదానంగా కొట్టాలి.

ఏతం, కావడి

కరెంటు మోటార్లు రాక ముందు లోతు తక్కువ బావుల నుంచి ఏతంతో నీరు తోడేవారు. పొడవాటి దూలం నడుమ ఆధారం ఉంటుంది. ఒక కొనకు బాన, రెండో వైపు ఎదురు బరువు. కొన్ని చోట్ల మనిషే దూలం మీద ముందుకు వెనుకకు నడిచి ఆ ఎదురు బరువయ్యేవాడు. కావడిలోనూ ఇదే తూకం ఉంది. అది బరువు తగ్గించదు. ఒక చేతిని, ఒక పక్క వెన్నును లాగే భారాన్ని రెండు వైపులా సమంగా పంచి నిటారుగా నడవనిస్తుంది. రెండు బిందెలు మోయాల్సి వస్తే ఒకే చంకన మోయడం కంటే కావడి మేలు.

2. కాడి: ఎద్దుల బలాన్ని పంచే లీవరు

ఎద్దుల సేద్యం చేసే రైతులు తప్పక తెలుసుకోవాల్సిన విషయమిది. నాగలి ఏడికోలను కాడికి సరిగ్గా మధ్యలో కడితే రెండు ఎద్దులూ చెరి సగం లాగుతాయి. ఒక ఎద్దు బలమైనది, రెండోది లేతది లేదా కొత్తగా కోలుకుంటున్నది అయితే సమాన భారం దానికి హాని చేస్తుంది. మెడ పుండ్లు పడతాయి, దుక్కి వంకర పోతుంది.

రెండు మెడల మధ్య దూరం 90 సెం.మీ. అనుకుందాం. కట్టును మధ్య నుంచి బలమైన ఎద్దు వైపు 9 సెం.మీ. జరిపితే దాని వైపు 36 సెం.మీ., రెండో వైపు 54 సెం.మీ. అవుతాయి. అప్పుడు బలమైన ఎద్దు 60 వంతులు, బలహీనమైనది 40 వంతులు లాగుతాయి. ఎద్దుల మీద సరిగ్గా వాటి శక్తికి తగిన భారం పడుతుంది.

- కట్టును ఒకేసారి ఎక్కువ జరపకూడదు. 3 సెం.మీ. చొప్పున జరిపి నాలుగు చాళ్లు దున్ని చూడాలి.
- బలమైన ఎద్దును కూడా గమనించాలి. రొప్పుతూ వెనుకబడితే కట్టు మధ్యకు తేవాలి.
- కాడి మెడకు ఆనే చోట నున్నగా ఉండాలి. గరుకు కర్ర అయితే ఏ లెక్కా మెడ పుండును ఆపలేదు.

3. గిలక (కప్పీ)

గిలక బిగించినా బరువు తగ్గలేదని చాలామంది అంటారు. నిజమే. దూలానికి కట్టిన ఒంటి గిలక బరువు తగ్గించదు. 15 లీటర్ల చేదకు 15 కిలోల బలం పెట్టాల్సిందే. అది దిశను మాత్రమే మారుస్తుంది. బావిలోకి వంగి పైకి లాగే బదులు నిటారుగా నిలబడి, ఒంటి బరువును వాడుకుంటూ కిందికి లాగుతాం. నడుముకు ఆ మార్పే పెద్ద ఊరట. బావిలోకి తూలి పడే ముప్పు కూడా తగ్గుతుంది.

బరువు తగ్గాలంటే కదిలే గిలక కావాలి. తాడు ఒక కొనను దూలానికి కట్టి, బరువుకు తగిలించిన గిలక కింది నుంచి తాడు తిప్పి లాగితే సగం బలం చాలు. 60 కిలోల మోటారుకు 30 కిలోలు. తాడు మాత్రం రెట్టింపు లాగాలి. మోటారు 5 మీటర్లు లేవాలంటే 10 మీటర్ల తాడు చేతికి రావాలి.

దూలం మీద పడే భారం మరచిపోవద్దు

ఒంటి గిలక మీదుగా 60 కిలోల మోటారును కిందికి లాగుతుంటే దూలం మీద పడేది 60 కిలోలు కాదు. మోటారు బరువు 60, మన లాగుడు 60 కలిసి 120 కిలోలు. బావి మీద పాత కర్ర విరగడానికి ముఖ్య కారణం ఈ లెక్క తెలియకపోవడమే. కదిలే గిలకకు తోడు, దిశ మార్చడానికి పైన ఇంకో గిలక పెడితే దూలం మీద 90 కిలోలు పడుతుంది. ఏ పద్ధతిలోనైనా దూలం ఎత్తే బరువుకు కనీసం మూడు, నాలుగు రెట్లు తట్టుకునేలా ఉండాలి.

- గిలక పెద్దదిగా, దాని ఇరుసు సన్నగా ఉంటే రాపిడి తక్కువ. చిన్న గిలకలో తాడు కూడా త్వరగా తెగుతుంది.
- తాడు మందం గిలక గాడికి సరిపోవాలి. లావైతే పక్కలకు ఒరుసుకుంటుంది, సన్నమైతే గాడి పక్కకు జారి ఇరుక్కుంటుంది.
- తాడును చేతికి చుట్టుకుని లాగకూడదు. బరువు జారితే మనిషిని బావిలోకి లాగేస్తుంది.
- మోటారు దించేటప్పుడు తాడును గట్టి చెట్టుకో గుంజకో ఒకటి రెండు చుట్లు వేసి వదులుతూ పోతే బరువు అదుపులో ఉంటుంది.
- తరచూ ఈ పని చేసేవారు, బోరు మెకానిక్కులు చైన్ బ్లాకు వాడటం మంచిది. చేయి వదిలినా బరువు అక్కడే ఆగుతుంది.

4. చక్రం - ఇరుసు

పెద్ద చక్రాన్ని తిప్పితే దానికి బిగించిన సన్న ఇరుసు ఎక్కువ బలంతో తిరుగుతుంది. తిరగలి పిడి, చెరుకు గానుగ రోకలి, బావి మీది చేతి రాట్నం అన్నీ ఈ కోవవే. రాట్నం పిడి ఇరుసు మధ్య నుంచి 30 సెం.మీ. దూరంలో ఉండి, తాడు చుట్టుకునే దుంగ వ్యాసార్ధం 7.5 సెం.మీ. అయితే బలం 4 రెట్లు. 30 కిలోల మట్టి తట్టను 7.5 కిలోల బలంతో పైకి తేవచ్చు.

రాట్నంలో ప్రమాదం కూడా అక్కడే ఉంది. చేయి జారితే బరువు కిందికి పోతూ పిడి వెనక్కు గిర్రున తిరుగుతుంది. మణికట్టు, దవడ విరిగే దెబ్బ తగులుతుంది. కాబట్టి వెనక్కు తిరగకుండా పట్టే పళ్ల చక్రం, దానికి అడ్డుపడే కొక్కెం ఉన్న రాట్నమే వాడాలి. కమ్మరి దగ్గర చేయించుకునేటప్పుడు ఇది తప్పక అడగాలి.

బండి చక్రం చేసే మేలు వేరు. నేల మీద ఈడ్చే రాపిడిని అది దొర్లే రాపిడిగా మారుస్తుంది. కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ చప్పుడు ఎద్దుల శక్తి వృథా అవుతోందని చెప్పే గుర్తు. ఇరుసుకు, బేరింగులకు సమయానికి గ్రీజు పెడితే అదే ఎద్దు, అదే మనిషి ఎక్కువ దూరం లాగగలరు. పాత గ్రీజు, ఇసుక తుడిచిన తరువాతే కొత్తది పెట్టాలి. ఇసుక కలిసిన గ్రీజు ఇరుసును ఆకురాయిలా అరగదీస్తుంది.

5. వాలు పలక

ట్రాక్టరు ట్రాలీలోకి బస్తాలు, డ్రమ్ములు, యంత్రాలు ఎక్కించే పనిలో ఎక్కువ గాయాలు అవుతాయి. 45 కిలోల యూరియా బస్తా, 50 కిలోల డి.ఎ.పి. బస్తా, 75 కిలోల వడ్ల బస్తా అన్నీ నేల నుంచి భుజం ఎత్తుకు లేపాల్సినవే. ఇక్కడ గట్టి పలక ఒక్కటి చాలా మేలు చేస్తుంది.

- పలక పొడవు ట్రాలీ ఎత్తుకు కనీసం మూడు రెట్లు ఉండాలి. 1 మీటరు ఎత్తుకు 3 మీటర్ల పలక.
- పలక పై కొనకు ఇనుప కొక్కేలు బిగించి ట్రాలీ అంచుకు తగిలించాలి. ఊరికే ఆనిస్తే జారిపోతుంది.
- పలక మీద అడుగడుగుకు అడ్డ పట్టీలు కొడితే నడిచేటప్పుడు కాలు జారదు. దొర్లించే, తోసే పనికి నున్నటి పలక వేరుగా పెట్టుకోవాలి.
- గోనె బస్తాను చెక్క మీద ఈడిస్తే రాపిడి వల్ల లాభం చాలా వరకు పోతుంది. 75 కిలోల బస్తాకు లెక్క ప్రకారం 25 కిలోలు చాలాలి కానీ, ఈడ్చితే 50 కిలోలు పట్టవచ్చు. అందుకే రెండు చక్రాల బస్తా ట్రాలీ వాడాలి.

డ్రమ్మును తాడుతో దొర్లించే పద్ధతి

200 లీటర్ల నిండు డీజిలు డ్రమ్ము సుమారు 185 కిలోలు ఉంటుంది. దాన్ని 3 మీటర్ల పలకల మీదుగా కింది నుంచి దొర్లిస్తే 62 కిలోల బలం కావాలి. తోసేవారంతా డ్రమ్ము కిందనే ఉంటారు. కాలు జారితే అది మీదికే వస్తుంది.

దీనికి మంచి ఉపాయం ఉంది. రెండు తాళ్ల కొనలను ట్రాలీకి గట్టిగా కట్టాలి. తాళ్లను పలకల వెంట కిందికి పరిచి, డ్రమ్ము కింది నుంచి తిప్పి, మళ్లీ పై నుంచి ట్రాలీలో ఉన్నవారికి అందించాలి. వారు తాళ్లు లాగితే డ్రమ్ము తానే కదిలే గిలకలా పనిచేస్తూ దొర్లుకుంటూ వస్తుంది. బలం మరో సగం తగ్గి 31 కిలోలు అవుతుంది. ఇద్దరు లాగితే ఒక్కొక్కరికి 16 కిలోల లోపే. ముఖ్యంగా డ్రమ్ము కింద ఎవరూ ఉండరు. దించేటప్పుడు కూడా ఇదే పద్ధతిలో తాడు వదులుతూ దించాలి. దుంగలు, సిమెంటు గొట్టాలు కూడా ఇలాగే ఎక్కించవచ్చు.

6. మేకు: చీల్చే, కోసే పనిముట్లు

గొడ్డలి, కొడవలి, కత్తిపీట, నాగలి కర్రు, గుంటక పాస, పార అంచు అన్నీ మేకు సూత్రం మీదే పనిచేస్తాయి. ముందుకు తోసిన బలాన్ని అవి రెండు పక్కలకు చీల్చే బలంగా మారుస్తాయి. మేకు ఎంత సన్నగా, పొడవుగా ఉంటే అంత తేలికగా దిగుతుంది, కానీ అంచు త్వరగా విరుగుతుంది, వంగుతుంది. కాబట్టి పనిని బట్టి అంచు ఉండాలి.

- కట్టెలు చీల్చే గొడ్డలి చెంపలు లావుగా ఉండాలి. కొమ్మలు నరికే గొడ్డలి సన్నగా ఉండాలి. ఒకదాన్ని రెండు పనులకు వాడితే రెంటికీ శ్రమే.
- వరి, గోధుమ, గడ్డి కోతకు రంపపు పళ్ల కొడవలి మేలు. దుబ్బు జారిపోకుండా పట్టి కోస్తుంది, తరచూ నూరాల్సిన పనిలేదు.
- నున్నటి కొడవలిని కోత మధ్యలో రెండు మూడుసార్లు నూరుకోవాలి. మొద్దు కొడవలికి ఎక్కువ బలం పెట్టాలి. ఆ బలంతోనే అది జారి చేతికి తెగుతుంది.
- కర్రు మొన అరిగి గుండ్రమైతే ఎద్దులకైనా ట్రాక్టరుకైనా లాగుడు పెరుగుతుంది. ట్రాక్టరులో అది డీజిలు ఖర్చుగా కనిపిస్తుంది. అరిగిన మొనను దుక్కి కాలానికి ముందే సాగదీయించాలి లేదా మార్చాలి.
- పని అయ్యాక అంచులకు మట్టి కడిగి, ఆరబెట్టి, పాత ఇంజను ఆయిలు పూయాలి. తుప్పు పట్టిన రేకుకు మట్టి అంటుకుని బరువవుతుంది.

7. మర

మర అంటే కడ్డీ చుట్టూ చుట్టిన వాలు పలకే. ట్రాక్టరు మర జాకీ, నట్లు, బోల్టులు, రసం పిండే మర ప్రెస్సు దీనికి ఉదాహరణలు. పిడి 30 సెం.మీ. పొడవు, మరల మధ్య దూరం 5 మిల్లీమీటర్లు ఉన్న జాకీలో లెక్క ప్రకారం బలం 370 రెట్లు దాటుతుంది. అందులో సగానికి పైగా రాపిడికే పోతుంది. అయినా ఆ రాపిడి మన మంచికే. దాని వల్లే చేయి తీసినా మర జాకీ తిరిగి దిగదు.

ఎంత మంచి జాకీ అయినా అది ఎత్తడానికే, నిలపడానికి కాదు. ఎత్తిన ట్రాక్టరును, ట్రాలీని గట్టి చెక్క దిమ్మల మీద నిలిపిన తరువాతే కిందికి వెళ్లాలి. హైడ్రాలిక్ ట్రాలీ తొట్టి ఎత్తి ఉంచి దాని కింద పని చేసేవారు కూడా తప్పక ఇనుప ఊతం పెట్టాలి. నూనె గొట్టం పగిలితే తొట్టి ఒక్క క్షణంలో పడుతుంది, తప్పించుకునే సమయం ఉండదు. జాకీ కింద మెత్తటి నేల ఉంటే పలక వేయాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి.

రెండు మూడు సూత్రాలు కలిసిన పనిముట్లు

కోనో వీడరు

శ్రీ పద్ధతి వరిసాగుతో పాటు మన రైతులకు బాగా తెలిసిన ఈ పనిముట్టులో దొర్లే చక్రం, మట్టిలో దిగే మేకు, పొడవు పిడి అనే లీవరు కలిసి ఉన్నాయి. ముందున్న తేలే రేకు అది బురదలో ఎక్కువ దిగబడకుండా ఆపుతుంది. పళ్లున్న రెండు శంకు చక్రాలు కలుపును పెకలించి బురదలో కలిపేస్తాయి.

- వరుసల మధ్య 25 సెం.మీ. దూరం ఉన్న నాటులోనే ఇది పనికొస్తుంది. చిందరవందర నాటులో తిరగదు.
- నాటిన 10-12 రోజులకు మొదటిసారి, తరువాత 10-12 రోజుల తేడాతో తిప్పాలి.
- మడిలో పలుచగా 2-3 సెం.మీ. నీరు ఉండాలి. ఆరిన మడిలో చక్రాలు తిరగక బరువు రెట్టింపవుతుంది.
- ఒకే ఊపున తోసుకుపోకుండా ముందుకు, వెనుకకు ఆడిస్తూ కదలాలి.

చక్రపు గుంటక

మెట్ట పైర్లలో, కూరగాయల్లో నిలబడి కలుపు తీయడానికి ఇది అనువైనది. వరుసల మధ్య 30 సెం.మీ. లేదా అంతకంటే ఎక్కువ దూరం ఉండాలి. కలుపు చిన్నగా ఉన్నప్పుడు, నేల పదునుగా ఉన్నప్పుడు తిప్పాలి. కలుపు మోకాలెత్తు పెరిగాక దీనితో పని కాదు. పాస 2-3 సెం.మీ. లోతు దిగితే చాలు. ఎక్కువ లోతు దించితే శ్రమ పెరగడమే కాక పైరు వేళ్లు తెగుతాయి.

చేతి గొట్టం ఒలుపు సాధనం

ఇంటి అవసరానికి, విత్తనానికి మొక్కజొన్న ఒలిచేవారికి లోపల రెక్కలున్న చిన్న ఇనుప గొట్టం దొరుకుతుంది. కండెను అందులో పెట్టి తిప్పితే రెక్కలు మేకుల్లా గింజలను ఊడదీస్తాయి. బొటనవేళ్లు పగలవు, విత్తన గింజ చితకదు.

కొనే ముందు చూసుకోవాల్సినవి

- పనిచేసేది ఎవరైతే వారి ఎత్తుకే పిడి ఉండాలి. నిలబడి తోసే పనిముట్ల పిడి నడుముకు, మోచేతికి మధ్య ఎత్తులో ఉంటే వంగాల్సిన పనిలేదు. పిడి ఎత్తు మార్చుకునే వీలున్నది తీసుకుంటే భార్యాభర్తలిద్దరూ వాడుకోవచ్చు.
- పిడి మందం 3-4 సెం.మీ. ఉంటే పిడికిలి బాగా పడుతుంది. మరీ లావు పిడి చిన్న చేతులకు త్వరగా నొప్పి తెస్తుంది.
- పనిముట్టు బరువు చూడాలి. మోసుకెళ్లి గట్టు దాటించాల్సిన సాధనం తేలికగా ఉండాలి.
- దుకాణంలో కాదు, పొలంలో తిప్పి చూడాలి. నల్లరేగడిలో నడిచేది ఎర్ర నేలలో బరువు కావచ్చు. పక్క రైతు దగ్గర ఒక పూట అరువు తెచ్చి చూసి కొనడం మంచిది.
- పాసలు, బేరింగులు విడిగా దొరుకుతాయో లేదో అడగాలి.

రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

గడ్డపారకు గొట్టం తొడిగి పొడవు పెంచితే మంచిదేనా?
పొడవు పెరిగితే బలం పెరిగే మాట నిజం. కానీ కడ్డీ వంగే ముప్పు, గొట్టం జారే ముప్పు కూడా పెరుగుతాయి. అంతకంటే ఆనింపును మొనకు దగ్గరగా జరపడం తేలిక, సురక్షితం. నట్లు విప్పే పానాకూ ఇదే వర్తిస్తుంది. తుప్పు పట్టిన నట్టుకు ముందు నూనె వేసి నానబెట్టాలి.

ఎన్ని గిలకలు పెడితే అంత మేలా?
కాదు. ప్రతి గిలక కొంత రాపిడిని కలుపుతుంది, తాడు పొడవు పెరుగుతుంది. పొలం పనులకు రెండు నుంచి నాలుగు గిలకలు చాలు. అంతకు మించిన బరువుకు చైన్ బ్లాకు తేవాలి.

సాధనం ఉంటే ఒక్కరమే ఎంత బరువైనా ఎత్తవచ్చా?
బలం సరిపోయినా అదుపు సరిపోదు. 50 కిలోలు దాటిన బరువుకు, బావి దగ్గర ఏ పనికైనా ఇద్దరు ఉండాలి.

పనిముట్లకు రాయితీ ఉందా?
వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చేతి పనిముట్ల నుంచి యంత్రాల వరకు రాయితీ ఉంటుంది. చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు ఎక్కువ శాతం ఇస్తారు. ఏ ఏడాది ఏ పనిముట్లు ఇస్తున్నారో మండల వ్యవసాయాధికారిని అడిగి, మంజూరు అయిన తరువాతే కొనాలి.

గుర్తుంచుకోవాల్సినవి

- ఆనింపు బరువుకు దగ్గరగా, చేయి దూరంగా ఉండాలి.
- బండిలో బరువు చక్రం వైపు ఉండాలి.
- ఒంటి గిలక దిశను మారుస్తుంది, కదిలే గిలక బరువును సగం చేస్తుంది. దూలం మీద భారం లెక్క వేసుకోవాలి.
- పలక పొడవు ఎత్తుకు మూడు రెట్లు ఉండాలి. దొర్లే బరువు కింద మనిషి ఉండకూడదు.
- అంచు పదునుగా, ఇరుసు జిడ్డుగా ఉండాలి.
- జాకీని నమ్మి కిందికి దూరకూడదు.

పనిముట్ల ఎంపిక, వాడకం గురించి మరిన్ని వివరాలకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని లేదా మండల వ్యవసాయాధికారిని సంప్రదించవచ్చు. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే సలహా పొందవచ్చు.